పెళ్లిచూపుల్లో క్లచ్చు మార్పిడి

ఆ రోజుల్లో మా మెదక్‌కు పేరే ఉండేది గాని పెత్తనం ఉండేది కాదు. జిల్లా పేరు మాది, కలెక్టరు కూర్చునేది సంగారెడ్డిలో. నా పరిస్థితీ ఇంచుమించు అంతే. షాపు నాది, మాట చెల్లేది మాత్రం షాపుకు వచ్చినవాళ్లది. 'కారు ఏసీ స్పెషలిస్ట్' అని ఎర్ర అక్షరాలతో బోర్డు రాయించుకున్నాను. పక్కన ఒక మంచుకొండ, దాని మీద ఒక పెంగ్విన్ (పెయింటరు జన్మలో పెంగ్విన్‌ను చూడలేదు, అందుకని అది తెల్ల బనియను తొడుక్కున్న కాకిలా వచ్చింది). ఆ కాకి కింద కూర్చుని నేను అందరి మాటా వినేవాణ్ణి. 'గ్యాసు కొట్టు, చాలు' అనేవారు. లీకు ఉందండీ, వారంలో పోతుందండీ అనేవాణ్ణి. 'కొట్టమన్నంక కొట్టు' అనేవారు. కొట్టేవాణ్ణి. ఎదుటివాడు కాస్త గొంతు పెంచితే చాలు, నా తల దానంతట అదే ఊగేది. దాన్ని నేను చాలాకాలం మంచితనమే అనుకున్నాను. ఆ కుర్రవాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒక్కటి పీకాలనిపిస్తుంది, ఆ తర్వాత పాపం అనిపిస్తుంది.

నాయిన నా చిన్నప్పుడే పోవడంతో మా ఇంటికి పెద్దదిక్కు మా మేనమామే. హవేలిఘనపూర్‌లో వరి పండిస్తాడు. ఒకసారి సర్పంచిగా నిలబడి ఓడిపోయాడు. అయినా ఊరంతా ఆయన్నే సర్పంచ్ సాబ్ అంటారు, గెలిచినాయన్ను పేరు పెట్టి పిలుస్తారు. మామ గొంతు అలాంటిది. నాకు షాపు పెట్టించింది ఆయనే, చొక్కాలు కొనేది ఆయనే, పిల్లను చూసే పనీ ఆయనే నెత్తిన వేసుకున్నాడు. కాని సంబంధాలు మాత్రం వచ్చినట్టే వచ్చి వెళ్లిపోయేవి. 'పిలగాడు ఏం జేస్తడు?' అని అటునుంచి ఫోన్లో అడిగేవారు. 'కార్ల ఏసీలు' అని మామ గర్వంగా చెప్పేవాడు. 'అమ్ముతడా?' 'బాగుజేస్తడు.' అక్కడితో అటువైపు సిగ్నలు పోయేది. ఒకాయన మాత్రం ఆశ చంపుకోలేక 'గవర్నమెంటు కార్లేనా?' అని కూడా అడిగాడు.

అలాంటి సమయంలో టేక్మాల్ సంబంధం వచ్చింది. డిగ్రీ చదివి, ఊళ్లోనే చిన్నపిల్లల బడిలో పాఠాలు చెబుతున్న అమ్మాయి. ఫొటో అమ్మ ఫోనులోకి వచ్చింది. ఆ వారమంతా అమ్మ ఫోనుకు చార్జింగ్ పెట్టే బాధ్యత నేనే తీసుకున్నాను. ('చార్జింగు నిండినంక గూడ ఏం జూస్తున్నవ్‌రా దాన్ల?' అంది అమ్మ ఒకసారి. నాకు చెవులు కాలిపోయాయి.) అంతకుముందు తప్పిన సంబంధాలకు నేనేమీ బాధపడలేదు. ఇది మాత్రం తప్పిపోకూడదనిపించింది. జీవితంలో మొదటిసారి ఒకటి నాకు కావాలి అని నాకు నేను చెప్పుకున్నాను, అదీ లోలోపలే, ఎవరికీ వినబడకుండా.

పెళ్లిచూపులకు మే నెలలో ముహూర్తం కుదిరింది. రోడ్డు మీద తారు చెప్పుకు అంటుకునే ఎండ. మామ కారులో మామ, అమ్మ, నేను. నడిపేది నేనే. అలవాటు కొద్దీ నా పనిముట్ల సంచి కూడా డిక్కీలో పడేశాను. 'పెండ్లిచూపులకు పూలు పండ్లు కొంటవోతరు గని పానాలు కొంటవోతరారా?' అని అమ్మ తిట్టింది. ఏసీ హాయిగా వీస్తోంది. మామ హుషారుగా ఉన్నాడు. 'వాళ్లకు చెప్పిన్నేను. మా అల్లుని చెయ్యి పడితే మెదక్‌ల ఏ బండైనా గజగజ వణకాలె అని చెప్పిన' అన్నాడు. పాపన్నపేట దాటామో లేదో, లోపల సన్నగా మాడు వాసన వచ్చింది. ఆ వెంటనే ఏసీ లోంచి పొయ్యి ముందు కూర్చున్నంత వేడిగాలి వచ్చి మామ మొహం మీద కొట్టింది. ఆ వాసన నాకు తెలుసు.

కంప్రెసరు క్లచ్చు కాలిపోయింది. చదివేవాళ్లకు తెలియకపోతే రెండు ముక్కలు చెబుతాను. ఇంజను నడుస్తున్నంతసేపూ దాని ముందు ఒక పుల్లీ బెల్టుతో తిరుగుతూనే ఉంటుంది. చలువ పుట్టించే కంప్రెసరు మాత్రం మనం మీట నొక్కినప్పుడే తిరగాలి. ఆ రెంటినీ కలిపేది, విడదీసేది క్లచ్చు. మీట నొక్కగానే దానిలోని తీగచుట్టకు కరెంటు వచ్చి, అయస్కాంతమై, టక్కుమని ప్లేటును లాక్కుంటుంది. తీగచుట్ట కాలిపోతే ఇక లాక్కునేది లేదు, చల్లబడేది లేదు. ఇదంతా మామకు చెప్పాను. 'ఇయ్యాల్నే కాలాల్నారా అది? నిన్న కాలొద్దా? రేపు కాలొద్దా?' అన్నాడు. అద్దాలు దించాం. వడగాలికి అమ్మ కొప్పు ఊడింది, మామ కద్దరు చొక్కా వీపుకు అతుక్కుంది, నా తెల్ల చొక్కా (ఒక సైజు పెద్దది, పెండ్లయినంక ఒళ్లు జేస్తవు అని మామే కొన్నాడు) తడిసి దాని అసలు సైజు మరిచిపోయింది. టేక్మాల్‌లో కారు దిగేసరికి మేం ముగ్గురం నాట్లు వేసి గట్టెక్కిన వాళ్లలా ఉన్నాం.

అమ్మాయి తండ్రిని ఊళ్లో అందరూ పటేలు అంటారు. పొడుగాటి మనిషి, నెమ్మదైన మాట. ఆయన మర్యాద చూస్తే నాకు భయం వేసింది, ఎందుకంటే అలాంటి మర్యాదకు ఎవరూ ఎదురు చెప్పలేరు. 'అయ్యో, గిన్ని చెమటలు! ఏసీ ఎయ్యలేదా సర్పంచ్ సాబ్?' అన్నాడు. మామ ఏదో సర్దేలోపే అమ్మ 'కాలిపోయిందన్నా, తొవ్వల' అని ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. పటేలు మెల్లగా నా వైపు తిరిగాడు. 'బాబు పని గదేనంటిరి గద?' అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే కంగారుపడి అడిగాడు. భూమి చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండనుకున్నాను.

ఇంతలో లోపలినుంచి కబురు వచ్చింది. వర్జ్యం ఉందట, అది వెళ్లేదాకా పిల్లను బయటికి తీసుకురారట. అంటే అందరికీ ఖాళీ. పటేలు వాకిలి వైపు చూపించాడు. షెడ్డులో ఒక కారు. మామ కారు ఎలాంటిదో అదీ అలాంటిదే, రంగుతో సహా. 'మాదీ గదే బండి. జర పాతదంతే. దాన్ల క్లచ్చు తీసి మీ దాన్ల పెట్టుకోండ్రి. చెల్లెమ్మ ఎండల ఎట్ల పోతది? మేం ఊళ్లె తిరిగేటోళ్లం, మాకేం ఏసీ!' అన్నాడు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పైకి ఒకేలా కనిపించే బండ్లలో కంపెనీవాళ్లు ఏడాదికేడాదికి లోపల ఏదో ఒకటి చప్పుడు చెయ్యకుండా మార్చేస్తారు. ఈ మోడలులో క్లచ్చుతో కలిసే వచ్చే పుల్లీ, పాత ఏడాది బండిలో కొత్తదాని కంటే రవ్వంత ముందుకు ఉంటుంది. బోల్టులు పడతాయి, బెల్టు గీతలు సరిపోతాయి, చూడ్డానికి అన్నీ కుదిరినట్టే ఉంటాయి, వరస మాత్రం కలవదు. 'లేదండీ, రెండు బండ్ల సంవత్సరాలు వేరు, పడదు' అన్నాను. అన్నాననే అనుకున్నాను. పటేలు చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని 'ఏమన్నవ్ బాబూ?' అన్నాడు. ఈలోపు మామ నా తొడ మీద గిల్లి పక్కకు లాక్కుపోయాడు.

'ఆడపిల్ల తండ్రి నోరు దెరిచి ఇస్తనంటుండు. వద్దంటవా?'

'మామా, అది పడదు.'

'పెండ్లిచూపులకు వచ్చినోళ్లు వాళ్లు ఇచ్చింది వద్దంటరారా ఏడనన్న? ఛాయ్ ఇస్తే వద్దంటమా? నీళ్లిస్తే వద్దంటమా? గిది గూడ గంతే. ఊకో, పెట్టు.'

నా తల ఊగింది. మామ మాట కాదనడం నాకు అప్పటిదాకా తెలియని పని.

తెల్లబట్టలు కరాబైతాయని పటేలుగారి భార్య ఒక గళ్ల లుంగీ తెచ్చి ఇచ్చింది. పటేలుగారి లుంగీ. ఆయన పొడుగుకు సరిపోయేది నాకు చంకల దాకా వచ్చింది. అలా కాబోయే మామగారి లుంగీలో, బనియను మీద, గోనెసంచి పరుచుకుని కారు కింద దూరాను. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు ఇంత తొందరగా అడ్డంగా పడుకున్న ఇల్లు ఇంకోటి ఉండదు. వాకిట్లోకి ఊరివాళ్లు ఒక్కొక్కరే చేరారు. కింద నాకు కనిపించేవి చెప్పులే, వినిపించేవి సలహాలే. 'అటు తిప్పరాదు.' 'జర సుత్తె తోని గొట్టు, అదే వస్తది.' 'మా బోరు మోటరుకు గూడ గిట్లనే అయింది.' (దానికి అలా అవ్వదు.) ఒక దశలో ఆ చెప్పుల గుంపుకు అవతల, గుమ్మం దగ్గర, పట్టీలు పెట్టుకున్న రెండు పాదాలు వచ్చి నిలబడ్డాయి. కాసేపు ఉన్నాయి. తర్వాత వెళ్లిపోయాయి. నేను లుంగీ మోకాళ్ల కిందికి లాక్కున్నాను గాని అప్పటికే ఆలస్యమైంది.

పటేలు కారులోది మామ కారుకు ఎక్కించాను. వైరు కొస కలవకపోతే కోసి ముడేశాను. పటేలు కారులో ఆ చోటు ఖాళీగా ఉంచడానికి లేదు, ఆ పుల్లీ లేకపోతే బెల్టు నిలవదు. అందుకని మామ కారు కాలిన క్లచ్చును అందులో బిగించాను. రెండూ కూర్చున్నాయి. అసలు చిక్కు అదే. కూర్చోకపోతే నేను బతికిపోయేవాణ్ణి. వంగి ఒక కన్ను మూసి చూశాను. మామ కారులో బెల్టు నువ్వుగింజంత పక్కకు వెళ్తోంది. పటేలు కారులో అంతే పక్కకు, అటువైపుకు.

'మామా, బెల్టు వరస కలుస్తలేదు' అన్నాను.

'సల్లగ వస్తదా, రాదా?'

'వస్తదిగని...'

'వస్తది గద!'

ఇంజను వేసి మీట నొక్కితే టక్కుమంది. చల్లగాలి వచ్చింది. వాకిలంతా చప్పట్లు. పటేలు నా భుజం తట్టాడు. మామ కారులో ఎక్కి కూర్చుని కళ్లు మూసుకుని, ఊరివాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి గాలి చూపించాడు. నా తల మళ్లీ ఊగింది.

ఆ తర్వాత పెళ్లిచూపులు జరిగాయట. నేనక్కడే ఉన్నాను గాని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎంత కడిగినా గోళ్లలో నల్లగ్రీసు పోలేదు. చేతులు రెండూ తొడల కింద దాచుకుని కూర్చున్నాను. నా చెవులు వాకిట్లో ఉన్న బెల్టు దగ్గరే ఉన్నాయి. ఛాయ్ పళ్లెం వచ్చింది. పళ్లేన్ని పట్టుకున్న వేళ్లు కనిపించాయి. ఇన్ని రోజులు ఫోనులో చూసిన మొహం ఒక్క మూరెడు ఎత్తులో ఉంది, తల ఎత్తితే చాలు. ఎత్తలేదు. 'ఏమన్న అడుగుతవా అల్లుడా?' అన్నాడు మామ. 'లేదు' అన్నాను. పళ్లెం వెళ్లిపోయింది. మామ గొంతు సవరించుకుని, అందరూ అనే మాటే, 'ఇంటికి పోయి కబురు జెప్తం' అన్నాడు.

ఇక వెళ్లిపోతే బతికిపోతాం అనుకున్నాను. రోడ్డెక్కాక ఎక్కడో ఒకచోట ఆగినా, ఈ ఇంటి ముందు కాకపోతే చాలు. కాని పటేలుగారి మర్యాదకు అంతు లేదు. 'ఊరి బయటిదాక సాగనంపుత' అని ఆయన కారులో ఆయనా ఎక్కాడు. 'వద్దండీ!' అని అరిచాను. ఈసారి నిజంగానే అరిచాను. ఆయన చెయ్యి ఊపి నవ్వాడు.

ముందు మేం, వెనక ఆయన. వీధి చివర నీళ్ల ట్యాంకు దగ్గర మలుపు తిరిగామో లేదో, బానెట్ లోపల ఎవరో చెంప మీద కొట్టినట్టు ఫట్‌మని చప్పుడు. ముందు ఎర్రబల్బు వెలిగింది. స్టీరింగు రాయిలా బిగుసుకుంది. ఆ ఒక్క బెల్టు మీదే నీళ్ల పంపు, బ్యాటరీ చార్జింగు, స్టీరింగు, అన్నీ తిరుగుతాయి. అది జారాక బండి నడిపితే ఇంజను ఉడికిపోతుంది. కారు ఆపాను. 'ఏమాయెరా?' అన్నాడు మామ. నేను నోరు తెరిచేలోపు వెనకనుంచి అలాంటిదే ఇంకో ఫట్ వినిపించింది. నేను వెనక్కి చూడలేదు. చూసే ధైర్యం లేదు. అమ్మే మెడ తిప్పి చూసి, 'ఆయినె బండి గూడ ఆగింది కొడుకా' అంది. మామ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. అంత గొంతున్న మనిషి నోట మాట రాకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

ఇందాక సలహాలిచ్చిన ఊరంతా ఇప్పుడు రెండు కార్లనూ వెనక్కి తోసుకొచ్చింది. పెళ్లిచూపులకు వచ్చి వెళ్లిపోయిన వాళ్లు అరగంట తిరక్కుండా అదే గుమ్మం ముందుకు, అదీ తోయించుకుంటూ రావడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు. మేడల మీద ఆడవాళ్లు, గోడల మీద పిల్లలు. బస్సుంది అని ఎవరో అన్నారు. 'కార్ల వచ్చి బస్సుల పోతే ఇజ్జత్ ఏముంటది?' అన్నాడు మామ. అలా నేను మళ్లీ లుంగీ కట్టుకుని, ఎక్కించిన రెండు క్లచ్చులూ దించి ఎవరిది వాళ్లకు పెట్టడానికి కారు కిందికి దూరాను.

ఇంతలో మిట్టమధ్యాహ్నం అయింది. పటేలుగారి భార్య బయటికి వచ్చి 'జర అన్నం దిని పోండ్రి' అంది. వాకిట్లో ఉన్నవాళ్లంతా మామ మొహంలోకి చూశారు. మా వైపు ఒక పట్టింపు ఉంది. పెళ్లిచూపులకు వెళ్లిన ఇంట్లో ఛాయ్ తాగొచ్చు, మిక్చరు తినొచ్చు, అన్నం మెతుకు మాత్రం ముట్టకూడదు. ముట్టారంటే సంబంధం ఒప్పుకున్నట్టే. ఆ సంగతి ఆమెకు తెలుసు, కాని ఇంటికొచ్చిన వాళ్లను ఎండలో పస్తు ఎలా పెడుతుంది? మాకూ తెలుసు, కాని లోపలినుంచి కోడికూర వాసన వస్తోంది. మామ కారు పక్కకు వచ్చి వంగి నా చెవిలో గుసగుసలాడాడు.

'అల్లుడా, తినేద్దం. సంబంధం ఖాయం జేస్తున్న.'

'ఏంది మామా?'

'పిల్ల మంచిగనే ఉంది. నాకు ఆకలైతుంది.'

నేను కారు కింద బిత్తరపోయి ఉండిపోయాను. ఇన్ని సంబంధాలు తప్పి తప్పి, చివరికి నా పెళ్లి ఒక బెల్టు జారి, మామకు ఆకలేసి కుదురుతోంది. ముందు నమ్మలేకపోయాను. తర్వాత ఆపుకోలేనంత సంతోషం వచ్చింది. నాకు కావలసింది నేను అడగకుండానే వచ్చేస్తోంది! గ్రీసు చేత్తో మొహం తుడుచుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

'చేతులు కడుక్కుంటరా, కిందనే ఉంటరా?'

ఉలిక్కిపడి లేచేసరికి తల బంపరుకు ఠంగుమని తగిలింది. ఆ అమ్మాయి. ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో సబ్బు. నేను లుంగీ సర్దుకుంటూ చేతులు చాచాను. ఆమె నీళ్లు పోసింది.

'బెల్టు జారుతదని మీకు ముందుగాలనే ఎరుకనా?' అంది.

'ఎరుకే.'

'మరి ఎందుకు పెట్టిండ్రు?'

'మీ నాయిన ఇస్తనన్నడు. మా మామ పెట్టుమన్నడు.'

'పని మీది గద. పడదని చెప్పొచ్చు గద.'

'చెప్పిన. జర... మెల్లగ చెప్పిన.'

ఆమె నీళ్లు పోయడం ఆపింది. 'లోపట అన్నం వడ్డిస్తున్నరు. మీరు తింటే సంబంధం అయినట్టేనంట. నన్నెవరు అడగలే. మిమ్ముల అడిగిండ్రా?'

'లేదు.'

'నేనైతే మీరన్న అడుగుతరనుకున్న. మీరు తల గూడ ఎత్తలే.' కోపంగా లేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. 'మంచోళ్లే ఉన్నరు మీరు. గని రేపు పెండ్లయినంక నా ముచ్చట వచ్చినా గిట్లనే జేస్తరా? ఎవరు గట్టిగ మాట్లాడితే వాళ్లు చెప్పినట్టు తల ఊపుతరా?'

చెంబు అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

ఈ వృత్తిలో కరెంటు షాకులు నాకు కొత్త కాదు. అవి చేతికి తగిలి మోచేతి దగ్గర ఆగుతాయి. ఇది ఎక్కడా ఆగలేదు. సగం సబ్బు నురగతో అలాగే నిలబడిపోయాను. కాసేపటి కింద కారు కింద పడుకుని నవ్వుకున్నది గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. ఆమెకు ఇష్టం లేకపోయినా నేను వెళ్లి తినేసేవాణ్ణి. ఎవరో తినమన్నారు గనుక తినేసేవాణ్ణి.

లోపల విస్తళ్లు పరిచారు. మామ కూర్చున్నాడు, పటేలు పక్కన కూర్చున్నాడు, అమ్మ గోడ పక్కన. అన్నం పడింది. మామ ముద్ద కలిపి ఎత్తాడు.

'మామా, ఆగు!'

నా గొంతేనా అని నేనే వెనక్కి తిరిగి చూశాను. మామ చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. గుమ్మంలో నేను, చంకల దాకా లుంగీ, నుదుటి మీద బంపరు బొప్పి. ఆగకుండా చెప్పేశాను. 'పటేల్ సాబ్, మీ క్లచ్చు మా బండికి పడదని నాకు ముందే తెలుసు. గట్టిగ చెప్పనందుకు రెండు బండ్లు ఆగినయి. మీది మీకు పెట్టి ఇస్త. మాకు ఏసీ వద్దు, చెమటలు కార్చుకుంటనే పోతం. ఇంకొకటి. మీ బిడ్డను అడగకుంట నేను మెతుకు ముట్ట. ఆమె వద్దంటే ఇప్పుడే లేచిపోతం. ఆకలితోనే పోతం.'

'ఆకలి నీ ఒక్కనికే ఉందారా!' అన్నాడు మామ, ముద్ద ఇంకా గాలిలోనే ఉంది.

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నన్ను ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూస్తోంది. పటేలు మొహంలో రంగు మారింది. ఆయన ఇచ్చింది వద్దని ఆయన ఇంట్లో నిలబడి చెప్పినవాడు బహుశా నేనే మొదటివాణ్ణి. అయిపోయింది, పోయింది అనుకున్నాను. ఆ ఫొటో, ఆ సంబంధం, అన్నీ నా చేతులతో నేనే పోగొట్టుకున్నాను అనుకున్నాను. ఏడుపొచ్చింది. అయినా ఒక్క అక్షరం వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

పటేలు విస్తరిని కొంచెం పక్కకు జరిపాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, 'బిడ్డా, విన్నవా? ఏమంటవ్?' అన్నాడు.

ఆమె బయటికి వచ్చింది. చేతిలో పచ్చిపులుసు గిన్నె. అప్పుడు తల ఎత్తి చూశాను. ఫొటోలో ఉన్నంత తీరుగా లేదు. పొయ్యి సెగకు మొహమంతా చెమట, కనుబొమ్మ దగ్గర మసి. ఆమె కూడా నన్నే చూసింది, లుంగీతో సహా. తర్వాత తండ్రితో అంది: 'అన్నం సల్లారుతుంది నాయినా. కూసోని తినుమను.'

వాకిట్లో ఎవరో 'అబ్బ!' అన్నారు. మామ ఇంక ఆలస్యం చెయ్యలేదు, ముద్ద నోట్లో పెట్టేసుకున్నాడు. పటేలు గట్టిగా ఊపిరి వదిలి, 'మొండోడు దొరికిండు' అని నవ్వాడు. నన్ను మొండివాడు అన్నది కూడా ఆయనే మొదలు. నేను ఎక్కడ నిలబడ్డానో అక్కడే కూలబడ్డాను. విస్తరి నా దగ్గరికే వచ్చింది. పచ్చిపులుసు ఆమే పోసింది.

సాయంత్రం ఏసీ లేకుండానే, అద్దాలు దించుకుని ఇంటికి చేరాం. ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. ఇప్పుడు ఆమె మెదక్‌లోనే బడిలో చెబుతోంది, నేను ఆ కాకి బోర్డు కిందే ఉన్నాను. పాత బండిది తీసి కొత్తదానికి పెట్టమని ఎవరైనా క్లచ్చు పట్టుకొస్తే, సంవత్సరం అడిగి, పడదు అని గట్టిగా చెబుతాను. కొందరు కోపం చేసుకుని పక్క షాపుకు పోతారు, పోనీ. మామకు కూడా అప్పుడప్పుడు కాదని చెబుతున్నాను, ఆయన ఇంకా తట్టుకోలేకపోతున్నాడు. కాని ఒక్క మాట మాత్రం ఇన్నేళ్లలో నా నోట రాలేదు. ఆనాడు ఆ కంగారులో పచ్చిపులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. నాలుక మీద పెట్టలేకపోయాను. ఎట్లుంది అని ఆమె అడిగితే మస్తుందని చెప్పి, మళ్లీ పోయించుకుని తాగాను. ఇవాళ ఇక్కడ రాసేశాను, ఆమె చదివితే ఏమవుతుందో చూడాలి.